రేవులో జారిన లారీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వానలు మొదలయ్యాక మాకు వచ్చే ఉత్తరాల్లో రేవుల, బండ్లను నది దాటించే పంటుల ప్రస్తావన పెరుగుతుంది. గోదావరి, కృష్ణ లంకల వాళ్లే కాదు, ఈసారి అమెరికా నుంచి కూడా ఒక ప్రశ్న వచ్చింది. అన్నీ ఒకే తరహావి కావడంతో ఈ సంచికలో వాటికే చోటిచ్చాం.

ప్రశ్న: మా ఆరు చక్రాల లారీ ఖాళీగా పంటు దిగి, ముందు బండి కదలకపోవడంతో గట్టు ఎక్కే వాలులో ఆగింది. డ్రైవరు హ్యాండ్‌బ్రేక్ వేసి కిందికి దిగాడు. రెండు నిమిషాల్లో బండి వెనక్కి జారి నీళ్లలో పడింది. బ్రేకు బాగానే ఉందని షెడ్డులో తేల్చారు. మరి జారిందెందుకు?
— లారీ యజమాని, కోనసీమ

జవాబు: బ్రేకు పనిచేసింది కాబట్టే చక్రాలు తిరక్కుండా జారాయి. బండి దొర్లి ఉంటే నేల మీద టైరు గుర్తు మామూలుగా పడుతుంది. ఈడ్చుకుపోతే పాచి చెక్కుకుపోయి నున్నటి చార కనిపిస్తుంది. మీ రేవులో ఏది ఉందో ఒకసారి చూడండి.

గాలి బ్రేకులున్న లారీల్లో హ్యాండ్‌బ్రేక్ పట్టేది మామూలుగా వెనుక ఇరుసును మాత్రమే. ముందు చక్రాలు స్వేచ్ఛగా ఉంటాయి. గట్టు వైపు ముఖం పెట్టి ఆగిన బండికి వెనుక చక్రాలు ఎక్కడుంటాయి? నీటి అంచున, పోటుకు తడిసి పాటుకు తేలే చోట. పాచి పట్టేది సరిగ్గా అక్కడే. అంటే బండిని ఆపాల్సిన చక్రాలు రేవు మొత్తంలో అతి జారుడు జాగాలో ఉన్నాయన్నమాట.

లెక్క కూడా చూడండి. రేవు వాలు ఎనిమిదడుగులకు ఒక అడుగు అనుకుందాం. నిండు బరువు 18.5 టన్నులైతే వెనుక ఇరుసు మీద 11.5 టన్నులు ఉంటుంది. కిందికి లాగే బలం 2.3 టన్నులు. వెనుక టైర్లు తమ మీది బరువులో అయిదో వంతు పట్టు ఇస్తే బండి నిలుస్తుంది. ఖాళీ బండి బరువు 6 టన్నులు, అందులో వెనుక సగం, అంటే 3. కిందికి లాగే బలం 0.75 టన్ను. ఇక్కడ నాలుగో వంతు పట్టు కావాలి. ఖాళీ బండికి భయం లేదనుకుంటారు గానీ ముందు జారేది అదే. పొడి కాంక్రీటు మీద సగానికి మించి పట్టు దొరుకుతుంది. తడి పాచి మీద ఈ నాలుగో వంతు కూడా దక్కకపోవచ్చు.

కాబట్టి వాలులో ఆగితే డ్రైవరు దిగకూడదు. కాలి బ్రేకు నాలుగు మూలలా పడుతుంది, హ్యాండ్‌బ్రేక్ పడదు. దిగక తప్పని పరిస్థితి వస్తే క్లీనరు ముందు చక్రాల వెనక రెండు చెక్క దిమ్మలు పెట్టాకే దిగాలి. ముందు చక్రాలు పొడి నేల మీద ఉంటాయి కనుక దిమ్మ అక్కడే పనిచేస్తుంది. వెనుక చక్రం కింద గుండ్రాయి పెడితే అది కూడా టైరుతో పాటే జారుతుంది. రేవును నడిపేవాళ్లు వారానికోసారి గట్టి చీపురుతో పాచి గీకించి, మీద కంకర చిప్స్ చల్లించినా చాలా వరకు తప్పుతుంది. బ్లీచింగ్ పౌడరు చల్లితే రెండు రోజులు బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. పైగా అది చేపలకు చేటు.

ప్రశ్న: బండి నీళ్లలోకి పోతుంటే లోపలున్నవాళ్లు తలుపు తీయాలా, ఆగాలా?
— నాగాయలంక

జవాబు: తలుపు జోలికి పోవద్దు. నీరు తలుపు సగానికి వచ్చిందంటే బయటి ఒత్తిడికి అది తెరుచుకోదు. ఒకవేళ తెరుచుకుంటే నీరు ఒక్కసారిగా లోపలికి దూకుతుంది. బెల్టు తీయండి, అద్దం దించండి, పిల్లల్ని ముందు బయటికి తోయండి, తర్వాత మీరు రండి. బండి తేలేది ఒక నిమిషం అటూఇటూ. ఇంజను ముందుంది కాబట్టి ముక్కు ముందు మునుగుతుంది. ఫోన్ చేయడం బయటపడ్డాక. కరెంటు అద్దాలు నీళ్లు తగిలిన మొదటి క్షణాల్లో పనిచేస్తాయి, తర్వాత పనిచేస్తాయన్న నమ్మకం లేదు. అందుకే పంటు ఎక్కేముందే అద్దాలు దించి, బెల్టు తీసి ఉంచడం మంచిది. రోడ్డు మీద బెల్టు ప్రాణం కాపాడుతుంది, పంటు మీద మాత్రం తీసేయాలి.

ప్రశ్న: మా రేవులో లారీ పడితే 14 టన్నుల హైడ్రా క్రేన్‌ను పిలుస్తారు. అది తాడు కట్టి లాగుతుంది. ఒకసారి తాడు తెగింది, ఇంకోసారి హైడ్రా వెనుక చక్రాలే లేచాయి. అసలు లారీని లాగడానికి ఎంత బలం కావాలి? ఏది కట్టాలి, ఎక్కడ కట్టాలి?
— పంటు సరంగు, పశ్చిమ గోదావరి

జవాబు: హైడ్రా మీద రాసిన 14 టన్నులు దాని చెయ్యి, అంటే బూమ్‌ను బాగా దగ్గరికి ముడుచుకుని, నిట్టనిలువుగా ఎత్తినప్పటి మాట. బూమ్ చాచే కొద్దీ ఆ అంకె పడిపోతుంది. అడ్డంగా లాగడానికి ఆ బండి చేసినదే కాదు. దానితో లాగడం మానేసి, బండి ఒడ్డుకు వచ్చాక ముక్కు ఎత్తి పట్టుకోవడానికి మాత్రం వాడండి.

బలం లెక్కకు సైన్యాల్లో వాడే ఒక పద్ధతి ఉంది, మన రేవులకు సరిగ్గా సరిపోతుంది. చక్రాల లోతున బురదలో దిగిన బండికి దాని బరువంత లాగుడు కావాలి. మడ్‌గార్డు దాకా దిగితే రెండింతలు, క్యాబిన్ దాకా దిగితే మూడింతలు. దీనికి వాలు లాగుడు కలపాలి. నిండు లారీ మడ్‌గార్డు దాకా ఒండ్రులో ఉంటే 18.5 రెండింతలు 37, వాలుకు 2.3, మొత్తం 39 టన్నులు దాటింది. సరుకు దించి, చక్రాల చుట్టూ బురద తీసి, చక్రాల లోతుకు తెచ్చామా, 6 కు 0.75 కలిపి ఏడు టన్నుల లోపే. ఒక పూట కూలీలతో బురద తోడించడానికయ్యే ఖర్చు రెండో క్రేన్ అద్దె కంటే తక్కువే ఉంటుంది. ఇది చెబితే రేవులో ఎవరూ వినరు, చీకటి పడుతోందంటారు.

బురద పట్టు వదిలించడానికి చేలో వాడే 5 హెచ్‌పీ మోటారు పంపు చాలు. సన్నటి ముక్కు ఉన్న పైపును ఒక్కో చక్రం కిందికి దూర్చి నీళ్లు కొట్టించండి. ఒండ్రు టైరును పీల్చి పట్టుకుంటుంది. కిందికి నీరో గాలో చేరితే గానీ ఆ పట్టు వీడదు.

లాగడానికి ముందు చాలామంది మరిచిపోయేది ఒకటుంది. నీళ్లలో ఉన్న లారీలో బ్రేకుల గాలి కారిపోతుంది. గాలి పోతే వెనుక చక్రాల దగ్గర డబ్బాల్లా ఉండే బ్రేక్ బూస్టర్లలోని స్ప్రింగు చక్రాలను బిగించేస్తుంది. అంటే మీరు లాగేది దొర్లే బండిని కాదు, బిగిసిన చక్రాలను ఈడుస్తున్నారు. మీ హైడ్రా చక్రాలు లేవడానికి ఇదే కారణమై ఉండొచ్చు. రెండు మార్గాలున్నాయి. ఇంకో లారీ నుంచి గొట్టం వేసి గాలి ఎక్కించి, గేజీలో 6 బార్ దాటాక హ్యాండ్‌బ్రేక్ వదలడం ఒకటి. లేదా బూస్టర్ వెనక ఉన్న విడుదల బోల్టును పానాతో తిప్పి స్ప్రింగును వెనక్కి లాగి ఉంచడం. బోల్టు తిప్పడం వరకే, బూస్టర్ మూత మాత్రం విప్పకండి. లోపలి స్ప్రింగు మనిషిని చంపేంత బలంతో బయటికి దూకుతుంది. బ్రేకు వదిలాక ఆ బండికి ఆపుడు లేదు కాబట్టి, లాగే మోకుకు తోడు ఇంకో మోకు కట్టి ఉంచుకోవాలి. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడడం ఎలాగూ తప్పదు.

ఇక మోకు సంగతి. 16 మి.మీ. ఇనుప మోకు కొత్తదైతే తెగేది సుమారు 15 టన్నుల దగ్గర. మూడో వంతుకు మించి నమ్మకూడదు, అంటే 5 టన్నులు. మన ఏడు టన్నుల పనికి 20 మి.మీ. మోకు కావాలి, అది 23 టన్నుల దాకా ఆగుతుంది. కొస మడిచి క్లాంపులు వేసేటప్పుడు వంపు బోల్టు చిన్న కొస వైపు, గుర్రపు జీను లాంటి ముక్క బరువు మోసే తాడు వైపు ఉండాలి. తిప్పి వేస్తే బోల్టు మోసే తాడునే కొరుకుతుంది. 20 మి.మీ. మోకుకు నాలుగు క్లాంపులు, మధ్య దూరం 12 సెంటీమీటర్లు. సరిగ్గా వేసినా కొత్త మోకు బలంలో అయిదో వంతు పోతుంది, ఆ మేరకు లెక్కలో తగ్గించుకోండి. అప్పుడు 20 మి.మీ. మోకును నమ్మదగింది ఆరు టన్నులకే, మిగతాది కింద చెప్పే కప్పీ చూసుకుంటుంది.

ఒక కప్పీని లారీకి కట్టి, మోకు దాని చుట్టూ తిప్పి కొసను ఒడ్డున బిగిస్తే, మోకును డ్రమ్ముకు చుట్టి లాగే వించి బలం దాదాపు రెండింతలవుతుంది. అరుగుదలకు పదో వంతు తీసేసుకోండి. వేగం సగానికి పడుతుంది, అది ఇక్కడ మంచిదే. వించి మీద రాసిన బలం డ్రమ్ము మీద మొదటి చుట్టుకే వర్తిస్తుంది. చుట్ల మీద చుట్లు పడే కొద్దీ తగ్గుతుంది కనుక దూరంగా నిలబెట్టి మోకు ఎక్కువ వదలడమే మేలు.

కట్టే చోటు ఛాసీకి ఉన్న లాగుడు పిన్ను గానీ, ఛాసీ బద్ద గానీ. కమాను కట్టలకు, స్టీరింగు రాడ్డుకు, బంపరుకు వేయకండి. ఒడ్డున ఆనుకోవడానికి కోనసీమలో అందరూ కొబ్బరి చెట్టునే వెతుకుతారు. దానివి పీచు వేళ్లు, తల్లివేరు లేదు. చెట్టు వంగి వచ్చేస్తుంది. బకెట్ నేలలో దించి నిలిపిన పొక్లెయినే నమ్మకమైన ఆనుడు. మోకు మధ్యలో తడిపిన గోనెసంచులు రెండు వేయండి, తెగితే కొరడాలా లేవకుండా ఉంటుంది. మోకు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఎవరూ ఉండకూడదు. రేవులో జనాన్ని అంత దూరం నెట్టడమే అన్నిటికంటే కష్టమైన పని.

బండి నీటి నుంచి లేచే కొద్దీ బరువెక్కుతుంది. తొట్టిలో, క్యాబిన్‌లో నిలిచిన నీరు ఘనమీటరుకు ఒక టన్ను. తలుపు అంచు నీటి మీదికి రాగానే లాగడం ఆపి పది నిమిషాలు కారనివ్వండి. ప్రవాహాన్నీ మరవకండి. సెకనుకు రెండు మీటర్ల వేగంతో పారే నీరు అడ్డంగా ఉన్న ప్రతి చదరపు మీటరునూ 200 కిలోలకు పైగా బలంతో నెడుతుంది. 12 చదరపు మీటర్ల పక్క ఉన్న లారీని రెండున్నర టన్నులు పక్కకు తోస్తున్నాయన్నమాట. ఎగువ వైపు ఒక మోకు దానికే. సముద్రానికి దగ్గరి రేవుల్లో పోటు పాటుల మధ్య ఆరు గంటలకు పైగా వ్యవధి ఉంటుంది. కట్టే పని పాటులో, లాగే పని పోటు మొదలైనప్పుడు చేస్తే నీరే కాస్త ఎత్తిపెడుతుంది.

ప్రశ్న: పంటు నుంచి దిగేటప్పుడు లారీ ముందు చక్రాలు ఒడ్డు మీద, వెనుకవి పంటు మీద ఉండగా పంటు వెనక్కి జరిగిపోయింది. మోకు కట్టే ఉంది. సరంగు తప్పా, డ్రైవరు తప్పా?
— ముక్తేశ్వరం

జవాబు: మోకు కట్టడం వేరు, బిగువుగా కట్టడం వేరు. లారీని ముందుకు నడిపేది వెనుక చక్రాలు. అవి పంటు మీద ఉన్నంతసేపూ లారీ ముందుకు పోవాలంటే పంటును వెనక్కి తన్నాల్సిందే. డ్రైవరు ఆక్సిలరేటర్ ఎంత గట్టిగా తొక్కితే తన్ను అంత గట్టిది. మోకులో రెండడుగుల వదులుంటే పంటు రెండడుగులు వెనక్కి పోతుంది, ఇనుప పలక కొస గట్టు దిగిపోతుంది. రెండు మోకులు పంటు రెండు మూలల నుంచి ఒడ్డుకు ఏటవాలుగా బిగించి, చివరి బండి దిగేదాకా పంటు ఇంజనుతో ఒడ్డు వైపు తోస్తూనే ఉండాలి. డ్రైవరు మొదటి గేరులో, ఆగకుండా, ఒకే వేగంతో దిగాలి. మీరడిగిన తప్పు ఇద్దరిదీ, పెద్ద పాలు సరంగుదే.

ప్రశ్న: ఖాళీ ఆయిల్ డ్రమ్ములు కట్టి లారీని తేల్చవచ్చా?
— యానాం

జవాబు: తేలిక చేయవచ్చు, తేల్చడం కష్టం. 200 లీటర్ల డ్రమ్ము తన బరువు పోను 180 కిలోలు ఎత్తుతుంది. 20 డ్రమ్ములకు 3.6 టన్నులు, ఖాళీ లారీకి సగానికి పైనే. కానీ రెండు మూడు మీటర్ల లోతు దాటితే మామూలు డ్రమ్ము నీటి ఒత్తిడికి సొట్టపడి నలిగిపోతుంది. అంతకంటే లోతైతే గాలి సంచులు, గజఈతగాళ్లు కావాలి. గోదావరిలో కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న మునిగిన పర్యాటక బోటును ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న ఒడ్డుకు చేర్చింది. అంత అనుభవం ఉన్నవాళ్లకే అన్నాళ్లు పట్టింది. అందుకని లోతు, ప్రవాహం రెండూ ఉన్నచోట రేవు కుర్రాళ్లను దింపకండి.

ప్రశ్న: నిజాంపట్నం హార్బరులో మా చేపల వ్యాను ఉప్పునీటిలో నాలుగు గంటలు ఉంది. తీయగానే సెల్ఫ్ కొట్టి చూడమంటున్నారు. కొట్టవచ్చా?
— వ్యాను యజమాని

జవాబు: కొట్టవద్దు. తాళం చెవి బండికి దూరంగా దాచండి, లేకపోతే ఎవడో ఒకడు కొడతాడు. గాలి నలుగుతుంది, నీరు నలగదు. సిలిండరులో నీరుండగా పిస్టన్ పైకి వస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మునిగినప్పుడు ఇంజను ఆగి ఉంటే మీరు అదృష్టవంతులు. నడుస్తూ మునిగి ఉంటే రాడ్డు అప్పుడే వంగి ఉండొచ్చు.

ముందు బ్యాటరీ మైనస్ తీగ తీయండి. తర్వాత మంచినీటితో, తక్కువ ఒత్తిడితో, పైనుంచి కింది దాకా కడగండి. ఉప్పు ఆరిపోయే లోపు కడగాలి. నీటిలో ఉన్నంతసేపు తుప్పు నెమ్మదిగా పడుతుంది, బయటికి తీసి గాలి తగిలాకే విజృంభిస్తుంది. కాబట్టి మెకానిక్కు, నూనెలు, సిలిండర్లలోకి డీజిలు చిమ్మే నాజిళ్లను విప్పే పానాలు సిద్ధమయ్యాకే బండిని ఒడ్డుకు లాగినా నష్టం లేదు.

ఇంజను ఆయిలు, గేరు ఆయిలు, వెనుక ఇరుసు గేర్లుండే హౌసింగ్ ఆయిలు, డీజిలు అన్నీ దించండి. ఆయిలు పాలు పోసిన టీలా ఉంటే నీరు కలిసినట్టు. హౌసింగ్ ఎలాగూ వదలొద్దు. నడిచి వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీటిలో పడగానే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ అనే గాలి రంధ్రం గుండా నీటిని పీలుస్తుంది. నాజిళ్లు విప్పి, క్రాంక్ బోల్టును చేతి పానాతో రెండు చుట్లు తిప్పితే నీరు చిమ్ముతుంది. చిమ్మడం ఆగాక ఒక్కో సిలిండరులో రెండు చెంచాల ఇంజను ఆయిలు పోసి మళ్లీ తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపేసి ఇంజను విప్పించాల్సిందే.

కొత్త ఎయిర్ ఫిల్టరు, ఆయిల్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు వేసి, చవకరకం ఆయిలు పోసి 15 నిమిషాలు స్లోలో నడిపి దించండి. పాలరంగు పోయేదాకా రెండు మూడు సార్లు ఇలాగే. అసలు ఆయిలు చివరన. చక్రాల బేరింగుల గ్రీజు మొత్తం మార్చాలి. సెల్ఫ్ మోటారు, డైనమో విప్పి కడిగి ఆరబెట్టాలి. కొత్త పొగ నియమాల బీఎస్-6 బండి అయితే కంట్రోల్ పెట్టె, సెన్సార్ల కనెక్టర్లు ఒక్కొక్కటీ విప్పి శుభ్రం చేయకపోతే మూడో నెలలో మొదలవుతుంది అసలు తలనొప్పి.

ప్రశ్న: పంటు మీదినుంచి పడితే ఇన్సూరెన్స్ రాదంటున్నారు. నిజమేనా?
— అమలాపురం

జవాబు: కాదు. సమగ్ర పాలసీలో సొంత నష్టం భాగంలోనే రోడ్డు, రైలు, లోతట్టు జలమార్గం మీద రవాణాలో జరిగిన నష్టం అని ఉంటుంది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే రాదు. మునిగాక సెల్ఫ్ కొట్టి ఇంజను పాడైతే అది ప్రమాదం వల్ల జరిగింది కాదని కొట్టేస్తారు. ఇంజను రక్షణ అదనంగా తీసుకోకపోతే వాదించి లాభం లేదు. బండిని కదిలించే ముందే కంపెనీకి ఫోన్ చేసి, నీటిలో ఉండగానే నాలుగు వైపులా ఫొటోలు తీయండి. వెలికితీత ఖర్చుకు మామూలు పాలసీ ఇచ్చేది చాలా తక్కువ, పెద్ద వాణిజ్య వాహనాలకైనా కొన్ని వేల రూపాయలే. క్రేన్ బిల్లు దానికి ఎన్నో రెట్లుంటుంది. రేవు దాటే బండి ఉన్నవాళ్లు అదనపు ప్రీమియం కట్టి ఆ పరిమితి పెంచుకోవాలి.

ప్రశ్న: టెక్సాస్‌లో ఉంటున్నాం. పికప్ ట్రక్కుతో పడవ ట్రైలరును చెరువు ర్యాంపులో దింపుతుంటాం. గేరు పార్కులో పెడితే చాలదా?
— హ్యూస్టన్

జవాబు: చాలదు, కారణం పైన కోనసీమ లారీకి చెప్పిందే. వెనుక చక్రాలతో నడిచే పికప్‌లో పార్కు గేరు పట్టేది వెనుక చక్రాలనే, పార్కింగ్ బ్రేకు పట్టేదీ వాటినే. రెండూ వేసినా రెండు తాళాలు ఒకే తలుపుకు వేసినట్టు. మీ ర్యాంపుల వాలు మామూలుగా 12 నుంచి 15 శాతం, వెనుక చక్రాలు పాచి మీద. ఫోర్ వీల్ ‘లో’ (తక్కువ వేగం) రేంజిలో పెట్టి పార్కు వేస్తే నాలుగు చక్రాలూ బిగుస్తాయి. ముందు చక్రాల వెనక రబ్బరు దిమ్మలు, స్టీరింగు దగ్గర కాలి బ్రేకు మీద ఒక మనిషి, అద్దాలు దించి, బెల్టు తీసి. నీటిలో తోక మునిగితే టైర్ల మీది బరువు తగ్గుతుందన్నది కూడా గుర్తుంచుకోండి.

జారిపోయిందే అనుకోండి, పడవను ముందు ట్రైలరు నుంచి తేల్చి పక్కకు తీయండి. ట్రైలరు తగిలించే ఇనుప బంతికి లాగుడు బెల్టు వేయకండి, అది విరిగి తూటాలా ఎగురుతుంది. నీటి మీద డీజిలు, ఆయిలు పొర కనిపిస్తే మీ దేశంలో నేషనల్ రెస్పాన్స్ సెంటరుకు తెలియజేయడం చట్టం. ట్రైలరు చక్రాల సంగతీ మన హౌసింగ్ లాంటిదే. హైవే మీద వేడెక్కిన హబ్బును వెంటనే ముంచకుండా ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి.

కరెంటు ట్రక్కు ఉప్పునీటిలో మునిగితే మాత్రం ఇంటి గరాజులో పెట్టకండి. 2022లో ఇయాన్ తుఫాను తర్వాత ఫ్లోరిడాలో అలాంటి బండ్లు ఆరిన చాలా రోజులకు కూడా అంటుకున్నాయి. ఇళ్లకు, ఇతర బండ్లకు 50 అడుగుల దూరంలో ఆరుబయట నిలిపి, టో చేసేవాళ్లకు బ్యాటరీ మునిగిందని ముందే చెప్పండి.